కొలవకుండా పోసిన నీళ్లు

1997లో యూనిసెఫ్ బంగ్లాదేశ్ మీద ఒక నివేదిక ఇచ్చింది. 2000 నాటికి ఆ దేశ జనాభాలో 80 శాతానికి సురక్షితమైన తాగునీరు అందించాలన్న లక్ష్యాన్ని గడువుకు ముందే దాటేశామని అందులో రాసింది. చేతిపంపులు, వరల బావులు, కుళాయిలు అన్నీ ఆ లెక్కలోనివే. ఆ నివేదిక వచ్చేనాటికే సరిహద్దుకు ఇటువైపు కలకత్తాలో ఒక చర్మవైద్యుడు, గంగా మైదానపు బోరింగు నీళ్లు తాగి ఒళ్లు పాడైనవాళ్లకు వైద్యం మొదలుపెట్టి 14 ఏళ్లయింది. అటువైపు చపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖే 1993లో నేల నీటిలో ఆర్సెనిక్ ఉందని తేల్చింది. అయినా సురక్షితం అన్న పద్దులోంచి ఆ బావులను ఎవరూ తీసేయలేదు.

బోరింగులు వేయించినవాళ్ల ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. 1970ల దాకా తూర్పు బెంగాల్ పల్లెలు తాగింది చెరువుల నీళ్లు, కుంటల నీళ్లు, కాలవల నీళ్లు. వానాకాలం వచ్చిందంటే కలరా, విరేచనాలు. రాలిపోయేది ఎక్కువగా పసిపిల్లలే. నేల పైనున్న నీటిలో క్రిములుంటాయి, లోపలి నీటిలో ఉండవు కాబట్టి లోపలి నీళ్లు తోడదామన్న ఆలోచన సబబైనదే. యూనిసెఫ్ సాయంతో ప్రభుత్వం మొదలుపెట్టిన పనిని తర్వాత జనమే అందుకున్నారు. ఆ డెల్టా నేలలో బోరు వేయడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. వెదురు కర్రల కట్టు ఒకటి నిలబెట్టి, ఇద్దరు ముగ్గురు గొట్టాన్ని ఎత్తి దించుతుంటే, పైన కూర్చున్న మనిషి అరచేత్తో గొట్టం మూతిని మూస్తూ తెరుస్తూ బురదను పైకి లాగేస్తాడు. ఒకటి రెండు రోజుల్లో పెరట్లో నీళ్లు పడతాయి. 2000 నాటికి ఆ దేశంలోని ప్రతి నాలుగు గొట్టపు బావుల్లో మూడు సొంతంగా వేసుకున్నవే. ఆడపడుచు పెళ్లిలో ఇచ్చే సామాన్ల సరసన ఇంటి బోరు కూడా గౌరవానికి గుర్తయింది.

ఆ నీళ్లు తేటగా, చల్లగా ఉండేవి. ఆర్సెనిక్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినా పోదు, పైపెచ్చు నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో మోతాదు పెరుగుతుంది. తాగినవాడికి ఆ రోజు ఏమీ కాదు, ఆ ఏడాదీ ఏమీ కాకపోవచ్చు. చాలా ఏళ్లు గడిచాక ఛాతీ మీదా వీపు మీదా వాన చినుకులు పడ్డట్టు మచ్చలు తేలతాయి. అరచేతులు, అరికాళ్లు మందంగా గట్టిపడి పులిపిర్ల వంటి బుడిపెలు లేస్తాయి. నాగలి పట్టలేని చేతులు, నేల మీద ఆనలేని పాదాలు. ఇంకా కొన్నేళ్లకు చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్లు. గుండె జబ్బులూ పెరుగుతాయి. అప్పటికి మనిషికి తాగిన నీళ్లు గుర్తుకు రావు, డాక్టరుకూ స్ఫురించవు.

స్ఫురించిన ఒక డాక్టరు కె.సి. సాహా. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల నిపుణుడు. 1983లో ఆయన దగ్గరికి వచ్చిన పల్లె రోగుల చేతుల మీది మందపు చర్మం చూసి ఆర్సెనిక్ విషమని గుర్తించారు. అందరూ బోరు నీళ్లే తాగుతున్నారు. కొద్దికాలానికి సరిహద్దు దాటి వచ్చిన రోగుల్లోనూ అవే మచ్చలు కనిపించాయి. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త దీపంకర్ చక్రవర్తి 1988 నుంచి ఈ పని మీదే పడ్డారు. ఊరూరా తిరిగి నీళ్లు, వెంట్రుకలు, గోళ్లు, మూత్రం సేకరించి కొలిచారు. 1995లో కలకత్తాలో అంతర్జాతీయ సదస్సు పెట్టి ప్రపంచం ముందు లెక్కలు పరిచారు. తర్వాత ఢాకా కమ్యూనిటీ ఆసుపత్రితో చేతులు కలిపి బంగ్లాదేశ్ జిల్లాల్లో సర్వేలు చేశారు. భయాలు రేపుతున్నాడన్న నింద ఆయన మీద చాలాకాలం ఉండేది. 2018లో చనిపోయేదాకా ఆయన కొలవడం మానలేదు. ఈ విషాదంలో ప్రభుత్వాలకన్నా ముందు నడిచింది ఇలాంటి కొద్దిమందే.

విషం ఏ కార్ఖానా నుంచీ రాలేదు, ఎవరూ కలపలేదు. హిమాలయాల రాళ్లు అరిగి, గంగా బ్రహ్మపుత్రల వెంట వేల ఏళ్లుగా కొట్టుకొచ్చిన ఒండ్రులో ఆర్సెనిక్ ఇసుక రేణువుల మీది ఇనుప తుప్పు పొరకు అంటుకుని ఉంటుంది. ఆ ఒండ్రుతో పాటే కుళ్లిన ఆకూ అలమూ పూడుకుపోయింది. లోపల ప్రాణవాయువు అయిపోయాక సూక్ష్మజీవులు ఆ కుళ్లును తింటూ ఇనుప పొరను కరిగిస్తాయి. అంటుకున్న ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. సాగుకు విపరీతంగా తోడడం వల్లే ఇదంతా జరిగిందన్న వాదం మొదట్లో బలంగా వినిపించింది. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ తుప్పు కరిగే ప్రక్రియను ముందుకు తెచ్చాక శాస్త్రవేత్తల మొగ్గు అటు తిరిగింది. పల్లెవాసికి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. లోతు తక్కువున్న బూడిద రంగు కొత్త ఒండ్రులో ప్రమాదం. ఇంకా కిందనున్న నారింజ రంగు పాత ఇసుకలో చాలావరకు క్షేమం.

ఇది ముందే తెలియదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. తైవాన్ నైరుతి తీరంలో బావుల నీటి ఆర్సెనిక్‌తో కాళ్లు నల్లబడి కుళ్లిపోయే జబ్బు గురించి, చర్మ క్యాన్సర్ గురించి 40 వేల మందిని పరీక్షించి రాసిన అధ్యయనం 1968లోనే అచ్చయింది. బెంగాల్ డెల్టాలో బోరింగుల ఉద్యమం ఊపందుకున్నది ఆ తర్వాతే. డెల్టా ఒండ్రులో ఈ విషం ఉంటుందని అప్పట్లో భూగర్భ శాస్త్రవేత్తలు అనుకోకపోవడం నిజమే. క్రిముల కోసం, ఉప్పు కోసం నీళ్లను చూశారు, ఆర్సెనిక్ కోసం చూడలేదు. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్ నేల నీటిలో అనేక మూలకాలను కొలిచి నివేదిక ఇచ్చింది. కొలిచినవాటి జాబితాలో ఆర్సెనిక్ లేదు. ఆ నీళ్లు తాగి జబ్బుపడ్డ ఒక గ్రామస్థుడు బ్రిటన్ కోర్టుకెక్కాడు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతని దావాను కొట్టేసింది. నీళ్లు తాగేందుకు పనికొస్తాయని సర్వే సంస్థ ఎవరికీ హామీ ఇవ్వలేదు, బంగ్లాదేశ్ ప్రజల పట్ల దానికి ఆ బాధ్యత లేదు అన్నది తీర్పు సారాంశం. న్యాయశాస్త్రం ప్రకారం ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ అది మిగిల్చిన ఖాళీ చాలా పెద్దది: బోరు వేసినవాడిది కాదు, సర్వే చేసినవాడిది కాదు, డబ్బిచ్చినవాడిది కాదు. అయితే తాగే నీళ్లను కొలవాల్సిన బాధ్యత ఎవరిది?

ఆ సర్వే సంస్థే 1998, 1999లలో బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖతో కలిసి మూడున్నర వేల బావులను పరీక్షించింది. తక్కువ లోతు బావుల్లో 27 శాతం లీటరుకు 50 మైక్రోగ్రాముల పరిమితి దాటాయి. 10 మైక్రోగ్రాములను గీటురాయిగా పెట్టుకుంటే 46 శాతం దాటాయి. 150 మీటర్లకన్నా లోతున్న బావుల్లో మాత్రం 50 దాటినవి ఒక శాతమే. 2000లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలన్ స్మిత్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాస్తూ, చరిత్రలో ఇంత పెద్ద జనాభా విషానికి గురైన ఘటన ఇంకొకటి లేదన్నారు. పన్నెండున్నర కోట్ల జనాభాలో మూడున్నర కోట్ల నుంచి 7.7 కోట్ల మంది దాకా ప్రమాదంలో ఉన్నారని అంచనా వేశారు. 1984 నాటి భోపాల్, 1986 నాటి చెర్నోబిల్ దీని ముందు చిన్నవని ఆయన పోల్చి చెప్పారు.

ఈ 50, 10 అంకెల తేడా కాగితం మీది తగాదా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే పరిమితిని 10కి దించింది. అమెరికా 2001లో దించి, 2006 నుంచి అమలు చేసింది. భారత ప్రమాణం కూడా ఇప్పుడు 10. బంగ్లాదేశ్ మాత్రం 50 దగ్గరే ఆగింది. 10ని పట్టుకుంటే దేశంలో సగం బావులు మూసేయాలి, అంత ప్రత్యామ్నాయం లేదు. ఆ ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. అయితే శరీరం ఆ సర్దుబాటును ఒప్పుకోదు. ఢాకా దగ్గర అరైహజార్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2000 నుంచి దాదాపు 12 వేల మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2010లో లాన్సెట్‌లో అచ్చయిన వాళ్ల లెక్క ప్రకారం, ఆ జనాభాలోని మరణాల్లో దాదాపు ఐదింట ఒకటి 10 దాటిన ఆర్సెనిక్ నీళ్లతో ముడిపడింది. అంటే 49 మైక్రోగ్రాములున్న బావిని క్షేమమని చెప్పడంలోనే ప్రాణహాని దాగి ఉంది.

సమస్య తెలిశాక జరిగిన పనిలో మెచ్చుకోదగ్గది పరీక్షల ఉద్యమమే. ప్రపంచ బ్యాంకు రుణంతో 1998లో మొదలైన పథకం, మరికొన్ని సంస్థలు కలిసి దాదాపు 50 లక్షల బావులను పరీక్షించాయి. సీసాలో నీళ్లు పోసి, జింకు పొడీ ఆమ్లమూ కలిపితే ఆర్సెనిక్ వాయువై పైకి లేచి, మూతలోని తెల్ల కాగితాన్ని మోతాదును బట్టి పసుపు నుంచి గోధుమ దాకా రంగు మారుస్తుంది. దాన్ని బట్టి పంపుకు రంగు. 50 లోపు ఆకుపచ్చ, దాటితే ఎరుపు. దాదాపు 14 లక్షల పంపులు ఎర్రబడ్డాయి. తొలినాటి కిట్లు పరిమితికి దగ్గర్లో తప్పుడు ఫలితాలిస్తున్నాయని చక్రవర్తి బృందం గట్టిగా విమర్శించింది. ఆ విమర్శలో నిజముంది. అయినా చదువురాని మనిషికి కూడా తన పంపు సంగతి తెలిసింది.

ఇక్కడే ఆ డెల్టా చిత్రమైన గుణం ఒకటి అక్కరకొచ్చింది. ఒక బావిలో 200 ఉంటే, పక్కింటి బావిలో 5 ఉండొచ్చు. లోతులో కొద్ది మీటర్ల తేడా, మట్టి పొరలో మార్పు చాలు. అందుకే చాలామందికి మంచినీళ్లు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. అరైహజార్‌లో తమ బావి చెడ్డదని తెలుసుకున్న కుటుంబాల్లో దాదాపు 60 శాతం ఏడాది తిరక్కుండానే వేరే బావికి మారాయి. పైసా సబ్సిడీ లేదు, యంత్రం లేదు. సమాచారం ఒక్కటే అంత పని చేసింది. కొలంబియా బృందంలోని అలెగ్జాండర్ వాన్ గీన్ ఏళ్లుగా చెబుతున్నది కూడా పరీక్షలు ఆపొద్దనే.

మారనివాళ్ల కారణాలు కూడా వినాలి. పక్కింటి పెరట్లోకి ఇంటి ఆడవాళ్లు రోజుకు నాలుగైదుసార్లు వెళ్లడం పరదా పాటించే ఇళ్లలో తేలిక కాదు. రెండు కుటుంబాల మధ్య మాటల్లేకపోతే ఆ దారి మూసుకున్నట్టే. మచ్చలున్న అమ్మాయికి సంబంధాలు రావు, పెళ్లయ్యాక మచ్చలు తేలితే పుట్టింటికి పంపేసిన సందర్భాలున్నాయి. కుష్ఠు అనుకుని వెలివేసినవీ ఉన్నాయి. కాబట్టి ఎర్ర పంపు ఉన్న ఇల్లు ఆ సంగతి దాచుకోవాలని చూస్తుంది. ఇంటింటా ఈ చిక్కులన్నీ తెలిసినవాళ్లు ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు. పథకాల రూపకల్పనలో వాళ్ల మాట సరిగా వినలేదు.

ఇంకా ఇబ్బంది పెట్టే ఫలితం ఒకటుంది. బరిసాల్ ప్రాంతంలో ఎర్ర పంపులు వదిలేసి దూరపు నీటికో, చెరువు నీటికో మారిన కుటుంబాల్లో పసిపిల్లల మరణాలు పెరిగాయని ఎరికా ఫీల్డ్, రేచెల్ గ్లెన్నర్‌స్టర్, రేష్మాన్ హుస్సామ్ అనే ఆర్థికవేత్తల అధ్యయనం చూపింది. దూరం నుంచి మోసుకొచ్చి, బిందెలో నిలవ పెట్టి, చెయ్యి ముంచి తాగే నీళ్లలో క్రిములు చేరతాయి. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్ నుంచి తండ్రిని కాపాడబోతే, ఈ నెలే వచ్చే విరేచనాలు బిడ్డను పట్టుకున్నాయి. బంగ్లాదేశ్ 2004లో తెచ్చిన ఆర్సెనిక్ నివారణ విధానం నేలపై నీటికే మొదటి ప్రాధాన్యం ఇచ్చింది. కాగితం మీద ఆ ఎంపిక సబబుగానే కనిపిస్తుంది. కానీ చెరువు గట్టున కట్టిన ఇసుక వడపోత తొట్టెను వారం వారం కడిగేవాళ్లు లేకపోతే అది మళ్లీ పాత కుంటే అవుతుంది. ఒక ప్రమాదాన్ని కొలిచి రెండోదాన్ని కొలవకపోవడమన్న పొరపాటును ఆ దేశం రెండుసార్లు చేసింది, రెండుసార్లూ మంచి ఉద్దేశంతోనే.

లోతు బోరు మేలైన దారి. ఖర్చు ఎక్కువ కాబట్టి అది ప్రభుత్వమే వేయాలి. ఎక్కడ వేయాలన్న దగ్గర రాజకీయం దూరింది. హ్యూమన్ రైట్స్ వాచ్ 2016 నివేదిక ప్రకారం, కొత్త నీటి వనరుల కేటాయింపుల్లో సగం మీద పార్లమెంటు సభ్యులు మాట చెల్లించుకునే వెసులుబాటు ఉంది. దాంతో అవసరమున్న బస్తీ బదులు పలుకుబడి ఉన్నవాళ్ల వాకిట్లో బోరు పడింది. ఆర్సెనిక్ సంబంధ జబ్బులతో ఏటా 43 వేల మంది చనిపోతున్నారన్న అంచనాను అదే నివేదిక ఉటంకించింది. 2012, 2013లలో జరిపిన జాతీయ సర్వేలో ఇంకా 12 శాతం పైగా జనం 50 దాటిన నీళ్లు, దాదాపు పావు వంతు 10 దాటిన నీళ్లు తాగుతున్నారని తేలింది. ఉద్యమంగా పరీక్షలు జరిగిన రోజుల తర్వాత వేసిన లక్షల కొత్త బోర్లను చాలా ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. పాత పంపుల మీది రంగులు వెలిసిపోయాయి.

ఒకే గొట్టం ద్వారా నీళ్లు వచ్చే చోట పరిష్కారం తేలికా? చిలీ ఉత్తరాన ఎడారి నగరం ఆంటోఫగాస్టా సంగతి చూడాలి. 1958లో అండీస్ కొండల నుంచి కొత్త నది నీటిని నగరానికి తెచ్చారు. అందులో ఆర్సెనిక్ లీటరుకు దాదాపు 860 మైక్రోగ్రాములు. 1970లో శుద్ధి కేంద్రం పెట్టగానే మోతాదు బాగా పడిపోయింది. ఒక్క కేంద్రంతో ఊరంతటికీ మేలు జరిగింది. కానీ ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ల మరణాలు ఇరవై ఏళ్ల తర్వాత శిఖరానికి చేరాయి. నీళ్లు బాగుపడి 40 ఏళ్లయ్యాక కూడా అప్పటి పిల్లల్లో మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువగానే కనబడింది. తల్లి కడుపులోనో పసితనంలోనో తాగిన నీళ్లు అంతకాలం వెంటాడాయి. బెంగాల్‌లో నేడు ప్రతి బావినీ బాగుచేసినా, 1990లలో పుట్టినవాళ్ల కోసం క్యాన్సర్ ఆసుపత్రులు, పరీక్షలు సిద్ధంగా ఉంచాల్సిందే. ఆ సన్నాహం గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

యంత్రాల మీద ఆశలకూ కొదవ లేదు. కుష్టియాకు చెందిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ ఇనుప రజను, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలతో తయారుచేసిన సోనో ఫిల్టర్‌కు 2007లో అమెరికా ఇంజినీరింగ్ అకాడమీ పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి ఇచ్చింది. ఆ ఫిల్టర్ పనితనం నిజమైనదే. పశ్చిమ బెంగాల్‌లో పంపులకు తగిలించిన పెద్ద శుద్ధి యూనిట్ల అనుభవం వేరు. కొన్నేళ్లకే వాటిలో చాలావాటిని నడిపేవాళ్లు లేక, బురద తీసేవాళ్లు లేక పక్కన పడేశారని జాదవ్‌పూర్ బృందం తేల్చింది. పరికరం కొన్న రోజున ఫొటో ఉంటుంది, మూడో ఏట దాన్ని కడిగే మనిషికి జీతం ఉండదు.

నీళ్లతో కథ ఆగలేదు. అదే బోరు నీళ్లతో ఎండాకాలపు బోరో వరి పండిస్తారు. నీళ్లు నిలిచిన మడిలో వరి ఆర్సెనిక్‌ను మిగతా పైర్లకన్నా ఎక్కువ పీల్చుకుంటుంది. వడ్లను చెడ్డ నీళ్లలో ఉప్పుడు చేస్తే ఇంకా చేరుతుంది. అన్నాన్ని మంచి నీళ్లు ఎక్కువ పోసి వండి గంజి వార్చితే కొంత పోతుంది. తెలుగిళ్లలో కుక్కరు వచ్చి గంజి వార్చడాన్ని మానిపించింది కానీ, బెంగాల్ పల్లెల్లో ఇప్పటికీ అది బతికున్న అలవాటు. దాన్ని నిలబెట్టమని చెప్పడానికి ఖర్చేమీ లేదు.

మన దేశంలో ఇది బెంగాల్‌కే పరిమితమని చాలాకాలం అనుకున్నారు. 2002లో బిహార్‌లోని భోజ్‌పూర్ జిల్లా సెమరియా ఓఝా పట్టీలో బయటపడ్డాక ఆ భ్రమ తొలగింది. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని బలియా, అస్సాం జిల్లాలు చేరాయి. డెల్టాతో ఏ సంబంధమూ లేని ఛత్తీస్‌గఢ్ రాతినేలలో, అంబాగఢ్ చౌకీ దగ్గర కౌరీకసాలో బావి నీళ్లు అంతకుముందే మనుషుల చేతులను పాడుచేశాయి. వెతికిన చోటల్లా దొరకకపోయినా, వెతకని చోట లేదనుకోవడానికి వీల్లేదు.

తెలుగు నేలకు ఈ పాఠం ఫ్లోరైడ్ రూపంలో ముందే వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి ప్రాంతంలో బావి నీళ్లు ఎముకలను వంచేస్తున్నాయని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. నల్లగొండలో నాగార్జునసాగర్ కట్టిన తర్వాత కూడా దశాబ్దాల తరబడి వంగిన నడుములతో పిల్లలు పెరిగారు. పటికా సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు, కానీ ఆ జిల్లాకు మేలు చేసింది చివరికి కృష్ణా నీళ్లే. ఆర్సెనిక్ కూడా మనకు పూర్తిగా పరాయిది కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో అది అసాధారణ మోతాదులో ఉందని హైదరాబాద్ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాల కిందటే చూపారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పేదాకా ఊహాగానాలే నడిచాయి. మనుషులు పడిపోయాక కొలవడం మనకూ అలవాటే.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలంటోంది. ఇది బంగ్లాదేశ్ అనుభవానికి దగ్గరగా వచ్చిన మంచి నిబంధన. ఆ మహిళలకు కిట్లు ఏటా అందాలి, వాళ్లు తేల్చిన అంకెను కుళాయి దగ్గరే తెలుగులో రాసి పెట్టాలి, అనుమానం వచ్చిన నమూనా ప్రయోగశాలకు వెళ్లి వారంలో తిరిగి రావాలి. కానీ పంచాయతీ కుళాయి రానిచోట, వచ్చినా చాలనిచోట జనం తాగేది సొంత బోరు నీళ్లే, వాటిని ఏ పథకమూ కొలవదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి, రిగ్గుకు రిజిస్ట్రేషన్ కావాలి. అమల్లో ఆ అనుమతి చూసేది బోర్ల మధ్య దూరాన్ని, నీటి మట్టాన్ని. తాగడానికి వాడే ప్రతి కొత్త బోరుకూ ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ పరీక్ష చేయించి ఫలితం యజమాని చేతికీ పంచాయతీ రికార్డులోకీ ఇవ్వాలన్న షరతును అదే అనుమతి పత్రంలో చేర్చడానికి రెండు తెలుగు రాష్ట్రాలకూ కొత్త చట్టం అక్కర్లేదు. నిబంధనల సవరణ చాలు. ఒక బోరు తవ్వకానికి రిగ్గువాళ్లు తీసుకునే డబ్బుతో పోలిస్తే ఆ పరీక్ష ఖర్చు చాలా స్వల్పం.